మేం బండోళ్లం

కర్నూలు, కడప సీమల ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన మధ్య ఒక కొత్త కులం పుట్టింది. పుట్టిన స్థలం బేతంచెర్ల ప్రాంతం. కాన్పు సుఖంగానే జరిగింది. ఉన్న కులాలు చాలవా అని కొందరు అడగవచ్చు. చాలితే కొత్తది ఎందుకు పుడుతుంది? గిరాకీ లేని సరుకును మనవాళ్లు ఎన్నడూ తయారు చేయలేదు.

ఈ కులానికి మూలపురుషుడు ఓబులేసు. ముప్పై మూడేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, పోయిన ఏడాది రిటైరయ్యాడు. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు అతని ఊరు మునిగింది. మీది యా ఊరప్పా అని అడిగినవాళ్లకు, "నీళ్ల కింద ఉండాది. ఎండాకాలం వస్తే గుడి శిఖరం కనపడతాది" అని అడ్రసు చెప్పేవాడు. రిటైరైన మనిషి ఎక్కడో ఒకచోట స్థిరపడాలి కదా, ఎక్కడన్నదే తేలలేదు. ప్రతి ఊళ్లోనూ రెండు నిమిషాలే ఆగిన మనిషికి ఏ ఊరైనా మంచిదిగానే కనిపిస్తుంది.

అందుకని పాత బస్సొకటి వేలంలో కొని, ప్రొద్దుటూరులో లారీలకు బాడీలు కట్టే స్నేహితుడు బుడేన్ సాహెబుకు అప్పగించాడు. సాహెబు మూడు నెలలు తంటాలు పడి దాన్ని ఇల్లు చేశాడు. వెనక సీట్లు పీకి మంచం వేశాడు. కండక్టరు నిలబడే చోట గ్యాస్ పొయ్యి పెట్టాడు. ముందు సీటు మీద ఉన్న "స్త్రీలకు మాత్రమే" అన్న రాతను మాత్రం ఓబులేసు భార్య రామసుబ్బమ్మ చెరపనివ్వలేదు. ఆ సీట్లో మొగుణ్ని ఒక్క పూట కూడా కూర్చోనివ్వలేదు.

ఫుట్‌బోర్డు మీద, పెయింటు బకెట్లో, ఒక కరివేపాకు మొక్క ఉండేది. అద్దె ఇళ్లు ఏడు మారినా దానికి బకెట్ మారలేదు. వేర్లు లోపల నుంచి తోసి తోసి బకెట్ పగుళ్లిచ్చింది. "నాకు మేడ వద్దు, మిద్దె వద్దు. ఈ చెట్టు కాళ్లు చాపుకునేకి రొంత నేల చూపియ్యి చాలు. ముంగారు వానల్లోపల నేలలో పెట్టకపోతే ఇది చచ్చిపోతాది" అని రామసుబ్బమ్మ చెప్పింది. ఆమె మొగుణ్ని పెళ్లయ్యాక అడిగిన మొదటి కోరిక అది. స్థలం కోసం బస్సు బయలుదేరింది.

మొదట కోసిగి వైపు పోయారు. ఒక ఊళ్లో బస్సు ఆపి తలుపు తీశారో లేదో, మూటలు, వంట బోకులు, రెండు కోళ్లతో సహా నలభై మంది ఎక్కి కూర్చున్నారు. గుంటూరు మిరపకోతలకు మేస్త్రీ పంపిన బండి అనుకున్నారు. ఒకాయన మంచం మీద పడుకొని, ఇంత మంచి మేస్త్రీని నేను చూడలేదని మెచ్చుకున్నాడు. వాళ్లందరినీ దింపడానికి ఒక పూట పట్టింది. వాళ్లతో పాటు ఎక్కిన ఊరిపెద్ద, పెద్ద ఈరన్న అనే ఆయన కూడా దిగి, వచ్చిన పని విచారించాడు.

"ఈడ ఉండేకి వస్తిరా? ఈడ ఉండేకి ఎవరూ రారప్పా. దుడ్లు యాడుంటే ఆడికి ఉండేవాళ్లే పోతాండారు. ఇండ్లు కావాల్నంటే ముప్పై ఉండాయి, తాళాలన్నీ నా కాడనే ఉండాయి, నీకు నచ్చింది తీసుకో. నీళ్లు మాత్రం అడగొద్దు."

ముప్పై ఇళ్లు ఊరికే వస్తున్నా ఓబులేసు దంపతులు కాదన్నారు. నీళ్లు లేని చోట మొక్క పెట్టడం రామసుబ్బమ్మకు ఇష్టం లేదు.

అక్కడి నుంచి బేతంచెర్లకు వచ్చారు. బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ యజమాని అయ్యన్న దగ్గర నాలుగు సెంట్ల జాగా అమ్మకానికి ఉంది. పక్కనే బోరు. రామసుబ్బమ్మ అప్పుడే ఒక మూల చూసి పెట్టుకుంది. మన దగ్గర బేరానికి ముందు ఒక ఆచారం ఉంది. కాఫీ ఇస్తారు. కాఫీ సగం తాగాక, "ఇంతకీ మీరేమిటోళ్లు?" అని అడుగుతారు. ఇందులో తప్పు వెతకకూడదు. కొత్తవాళ్ల ఆరోగ్యం కంటే ముందు కులం విచారించడం మన మర్యాద. ఓబులేసుకు ఆ మర్యాద ఒంటబట్టలేదు. బస్సెక్కినవాణ్ని టికెట్ తప్ప ఇంకేమీ అడగని కొలువులో బతికినవాడు. ఒళ్లు మండి, "బండోళ్లం" అన్నాడు.

బేతంచెర్లలో బండ అంటే నాపరాయి. దాన్ని తవ్వేవాళ్లు, కోసేవాళ్లు, నునుపు చేసేవాళ్లు అందరూ బండోళ్లే. అయ్యన్న ముఖం వెలిగింది.

"ముందే చెప్పాల కదప్పా, మనోళ్లే. క్వారీనా, పాలిషా?"

"డ్రైవింగు."

బండ కాదు, బండి అని తేలేసరికి కాఫీ చల్లారింది. "ఆ జాగా మా బామ్మర్ది అడిగిండే, మర్చేపోయినా" అని అయ్యన్న ఎంతో బాధపడ్డాడు. ఆ బామ్మర్దిని అతను అప్పటికప్పుడే కనిపెట్టాడని గిట్టనివాళ్లు అంటారు. రామసుబ్బమ్మ బకెట్ మళ్లీ ఫుట్‌బోర్డు ఎక్కింది.

ప్రభుత్వం ఇచ్చే స్థలానికైనా అర్జీ పెడదామని మరో ఊరి సచివాలయానికి పోయారు. ఆ ఊరి పేరు రాయను, వాళ్లకు ఇప్పటికే పని ఎక్కువ. అక్కడి ఉద్యోగి ప్రకాశం చాలా మంచివాడు. కులం గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు పోదని, ఏదో ఒకటి చెప్పప్పా, సర్వర్ పడిపోతాదని బతిమాలాడు. ఓబులేసు దగ్గర ఉన్నది ఒకటే జవాబు. ప్రకాశం "బండోళ్లు" అని కొట్టాడు. కంప్యూటర్ ఒప్పుకుంది. కంప్యూటర్ ఒప్పుకున్నదాన్ని మనిషి కాదనే సంప్రదాయం మనకు లేదు. వారం లోపల విచారణాధికారులు బస్సును సందర్శించి, రామసుబ్బమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని తిని, నివేదిక రాశారు.

"సదరు కులస్థులు చక్రములపై నివసించుదురు. పొయ్యి, మంచము, కరివేపాకు వారితోపాటు ప్రయాణించును. నేలపై నివసించు ఆచారము వీరియందు కానరాదు. కావున వీరికి స్థలము అవసరము లేదు."

అర్జీ కొట్టేశారు గానీ కులం మిగిలింది. వార్త పేపర్లో పడిన మర్నాటి నుంచి ఆటోలవాళ్లు, లారీలవాళ్లు, వరికోత మిషన్లవాళ్లు తాతల కాలం నుంచి తామూ బండోళ్లమేనని జ్ఞాపకం చేసుకోసాగారు. ఒక ఐస్‌బండి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కడపలో మహాసభ జరిగింది. మూడు కార్లు ఉండి ఒక్క పదవీ లేని హర్షవర్ధన్ అధ్యక్షుడయ్యాడు.

"సోదరులారా, సూర్యభగవానుడు తిరిగేది బండి మీద. కాబట్టి ఆయన మనవాడు. చక్రం కనిపెట్టింది మన పూర్వీకులు. జాతీయ జెండా నడిమధ్యన మన కులచిహ్నం పెట్టుకొని, ఇన్నేళ్లయినా మనకు ఒక కార్పొరేషన్ ఇవ్వకపోవడం కంటే అన్యాయం ఉంటుందా?"

చప్పట్లకు షామియానా ఊగింది. బేతంచెర్ల బండోళ్లు మాత్రం అసలు బండోళ్లం మేమంటూ అభ్యంతరం పెట్టారు. బండ ముందా బండి ముందా అన్నది తేల్చడానికి పండితుల కమిటీ వేశారు. ఈ లోపల కులం చీలింది కూడా. మూడు చక్రాలవాళ్ల పిల్లను నాలుగు చక్రాలవాళ్లు చేసుకోవడం మానేశారు. పుట్టి నాలుగు నెలలు కాని కులానికి ఇంత బుద్ధి రావడం చూసి పాత కులాల పెద్దలు ముచ్చటపడ్డారు.

మొక్క ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. బ్రేకులు బాగుచేయించుకోవడానికి బస్సు ప్రొద్దుటూరు చేరింది. బుడేన్ సాహెబు బకెట్ వైపు ఒకసారి, రామసుబ్బమ్మ వైపు ఒకసారి చూశాడు.

"అక్కా, నా షెడ్డు వెనక రెండు సెంట్లు ఖాళీగా ఉండాది. రొంత గ్రీసు వాసనొస్తాది గానీ నీళ్లుండాయి. ఈడనే ఉండండి."

ఓబులేసుకు నమ్మకం కుదరలేదు. "నేనేమిటోణ్నో నువ్వు అడగలేదే, సాహెబూ."

"ముప్పై ఏండ్ల నుంచి నీ బస్సెక్కుతాండా. అరిగిపోతాదన్నా క్లచ్చు మీద కాలు తియ్యని మనిషివని తెలుసు. ఇంకేం తెల్సుకోవాలప్పా?"

ఈ సంగతి ఎట్లా పొక్కిందో, మర్నాడు నలభై కార్లతో హర్షవర్ధన్ దిగాడు. ఆది బండోడే నేల మీద కాపురం పెడితే చక్రాల మీద బతికే కులమని సర్కారుకు ఏం చూపాలని అడిగాడు. బస్సును కులస్మారకంగా ప్రకటిస్తామని, దంపతులిద్దరూ శాశ్వతంగా అందులోనే ఉండాలని, దండలు తామే వేస్తామని అన్నాడు.

"నీకు ఇల్లుండాదా నాయనా?" అని అడిగింది రామసుబ్బమ్మ.

"మూడుండాయమ్మా."

ఆమె షెడ్డులోంచి గడ్డపార తెచ్చి గుంత తవ్వింది. బకెట్ పగలగొట్టింది. బకెట్ పోయినా వేర్లు బకెట్ ఆకారంలోనే చుట్టుకొని ఉన్నాయి. వాటిని వేళ్లతో ఒక్కొక్కటే విడదీసి, "ఇంక చాపుకో తల్లీ" అని మట్టి కప్పింది. వ్యంగ్యం రాసేవాడు సంతోషపడకూడదంటారు. నాకు మాత్రం చాలా సంతోషమైంది. ఆ సాయంత్రమే వాన పడింది.

బండోళ్ల సంఘం అత్యవసరంగా సమావేశమై ఓబులేసు దంపతులను కులం నుంచి వెలివేసింది. ఇది సంఘం ఏకగ్రీవంగా చేసిన మొదటి తీర్మానం.

మూడు నెలలకు కరివేపాకు ఓబులేసు నడుమెత్తు పెరిగింది. పక్కింటి స్వర్ణలత పోపులోకి రెండు రెబ్బలు అడగడానికి వచ్చింది. తుంచుకుంది, వాసన చూసింది.

"శానా బాగుండాదక్కా. ఇంతకీ మీరేమిటోళ్లు?"

"కరేపాకోళ్లం" అంది రామసుబ్బమ్మ.

"అట్లనా. మా చిన్నాయన కూతుర్ని వాళ్లకే ఇచ్చిండేది" అని స్వర్ణలత తృప్తిగా వెళ్లిపోయింది.

ఇక పాఠకమహాశయులారా, మీ సంగతి. ఓబులేసు పేరు చదివినప్పటి నుంచి మీ మనసులోనూ ఒక గడి ఖాళీగా ఉంది. ఊరి పేరుతో నింపబోయారు, అది నీళ్ల కింద ఉంది. వంటతో నింపబోయారు, ఉగ్గాని అందరూ తింటారు. చివరిదాకా చెబుతానేమోనని చూశారు, చెప్పలేదు. పోనీ రాసినవాడు ఏమిటోడో తెలిస్తే అర్థమవుతుందని, ఇప్పుడు నా ఇంటిపేరు కోసం పేజీ పైకి చూస్తున్నారు.