బూడిద యార్డులో గాఢనిద్ర

రాష్ట్రంలోని ప్రతి కూలీ రోజుకు ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయే కాలం దగ్గర్లోనే ఉందని శ్రమ సౌఖ్య శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, రాయచూరు బయట ఉన్న బూడిద ఇటుకల యార్డులో ఆయన ఈ మాట అన్నారు. ఆయన షామియానా కింద ఉన్నారు. మూడు వందల మంది ఆడకూలీలు షామియానా ముందు ఉన్నారు.

యార్డు గురించి రెండు మాటలు చెప్పాలి. జిల్లాకు కరెంటు ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి బూడిద వచ్చింది. ఆ బూడిదతో ఇటుకలు చేసే ప్రభుత్వ యార్డు వచ్చింది. ఇటుకలను లారీల దాకా మోసే ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు మోస్తున్నారో లేదో చూసే ఆఫీసర్లు ఇంకా వస్తూనే ఉన్నారు.

మంత్రిగారు మంచినీళ్ల కోసం ఆగిన సందు చూసి ఉలిగెమ్మ ముందుకొచ్చింది. ఇరవై ఏళ్లుగా గంప మోస్తున్న మనిషి.

"సారూ, నిద్ర ఇంట్ల పోతం గానీ, ఈడ మాకో షెడ్డు ఎయ్యుండ్రి. నాలుగు కట్టెలు, మీద రేకులు, అంతే. పోయిన ఎండకాలం మా అంబమ్మ గంపతోనే కూలబడె."

మంత్రిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "తల్లీ, షెడ్డు పెద్ద విషయం కాదు. అయితే ఎవరు అలసిపోతున్నారనేది నోటిమాటతో తేలకూడదు, శాస్త్రీయంగా తేలాలి. ఈ యార్డులో అందరి చేతికీ పట్టీలు కట్టిస్తాను. ఎన్ని అడుగులు నడిచారో, ఎంత నిద్రపోయారో అదే చెబుతుంది. ఎక్కువ నడిచి తక్కువ విశ్రాంతి తీసుకునేవాళ్లకు వెంటనే షెడ్డు!"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు రంగనాయకులు. పట్టీలు ఇవ్వాల్సింది ఆయనే.

రంగనాయకులుకు బజారులో గడియారాల దుకాణం ఉంది. తాత కాలం నుంచి అదే వ్యాపారం. దుకాణం ముందు ఎవరు ఆగినా ఆయన మొహం కన్నా ముందు మణికట్టు చూస్తాడు. నమూనాకు నలభై పట్టీలు ఇచ్చాడు. పరీక్షలో నెగ్గితే జిల్లా మొత్తానికి పన్నెండు వేల పట్టీల ఆర్డరు. కాబట్టి ఈ పరీక్ష మీద ఆయనకు దేశభక్తిలాంటిది ఏర్పడింది.

పరీక్షా కమిటీకి అధ్యక్షుడు ప్రాణేశ్ సారు. నిక్కచ్చి మనిషి. పట్టీ నిజం చెబుతున్నదని తేలాలంటే పక్కన ఒక మనిషి కూడా అడుగులు లెక్కపెట్టాలని మొదటిరోజే పట్టుబట్టాడు. ఆ బాధ్యత అటెండరు యంకప్ప మీద పడింది. అతను ఉలిగెమ్మ వెనకాలే ఎండలో తిరుగుతూ నాలుగు వేల మూడు వందల పన్నెండు దాకా లెక్కపెట్టాడు. అప్పుడు ఫోను మోగింది. అవతల భార్య. మాట్లాడి పెట్టేసేసరికి అంకె పోయింది.

"ఏన్రీ యంకప్పా, ఎంత అయింది?" ప్రాణేశ్ సారు కన్నడం కలిపి అడిగాడు.

"నాలుగు వేలనో, పద్నాలుగు వేలనో సార్. మా ఆమె నూనె తెమ్మన్నది మాత్రం యాదికుంది."

మనిషి లెక్క నమ్మదగింది కాదని కమిటీ తీర్మానించింది. పట్టీకి భార్య ఉండదు. కనుక పట్టీని పట్టీతోనే పోల్చాలి. ఉలిగెమ్మ ఎడమచేతికి ఒకే పెట్టెలోంచి తీసిన రెండు పట్టీలు పక్కపక్కనే కట్టారు. సాయంత్రం చూస్తే రెండింట్లోనూ ఒకే అంకె ఉంది. కచ్చితత్వం నూటికి నూరు శాతమని ప్రాణేశ్ సారు ఎర్రసిరాతో రాశాడు.

ఆ అంకె మూడు వందల పన్నెండు. దాని కింద ఇంకో వరుస ఉంది: గాఢనిద్ర, ఆరు గంటల పది నిమిషాలు.

"ఏంది సేటూ," ఉలిగెమ్మ మణికట్టు ముందుకు చాపింది, "నేను పండుకున్ననా?"

"పట్టీ అట్లంటుంది," అన్నాడు రంగనాయకులు.

"పొద్దుగాల నుంచి తొమ్మిది లారీలు నింపితిమి గదా. నిద్రల నింపిననా?"

రంగనాయకులు ఆమె మళ్లీ గంపెత్తుకొని పోతుంటే నడకను చూశాడు. కారణం తెలియడానికి ఆయనకు ఒక ట్రిప్పు చాలు. గంప నెత్తిమీద ఉంటుంది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకొని కదలకుండా ఉంటుంది. ఇటుకలు దించి వచ్చేటప్పుడు ఖాళీ గంప కూడా నెత్తిమీదే. ఎండకు అదే గొడుగు. పట్టీ కాళ్లను చూడదు, చేతి ఊపును చూస్తుంది. చెయ్యి ఊగకపోతే మనిషి పడుకుందని దాని నమ్మకం.

అదే సమయంలో ప్రాణేశ్ సారు కుర్చీలో కూర్చునే పంతొమ్మిది వేల ఆరు వందల అడుగులు నడిచాడు. ఆఫీసర్ల ఎడమచేతికి వాచీలుంటాయి కనుక పట్టీలు కుడిచేతికి కట్టుకోవచ్చని కమిటీ సడలింపు ఇచ్చింది. సారు కుడిచెయ్యి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడమ అరచేతిలో తంబాకు నలుపుతుంది. భోజనం తర్వాత వేగం పెరుగుతుంది. ఆ గంటను పట్టీ 'పరుగు' అని చూపించింది.

రంగనాయకులు ఆ రోజు లెక్క వేసుకున్నాడు. తను నిజం చెబితే ఆర్డరు ఇంకో దుకాణానికి పోతుంది. ఆ దుకాణంవాడు ఇవే పట్టీలు తెస్తాడు. ఉలిగెమ్మ అప్పుడూ నిద్రపోతూనే ఉంటుంది. అంటే నిజం వల్ల నష్టం ఒకరికి, లాభం ఎవరికీ లేదు. ఇంత స్పష్టమైన బేరం ఆయన వ్యాపారంలో అరుదు. అయినా తెల్లారి యార్డుకు పోయినప్పుడు ఉలిగెమ్మను పక్కకు పిలిచాడు.

"అది కాలికి కట్టుకో. చీర కుచ్చిళ్ల కింద కనబడదు."

"ముందే చెప్తే ఏమాయె?"

"ఇప్పుడు చెప్తున్న గదా! నా పేరు మాత్రం తియ్యకు."

ఆ సాయంత్రం ఉలిగెమ్మ ఇరవై ఎనిమిది వేల అడుగులు నడిచింది. నిద్ర సున్నా. ఆడవాళ్లంతా ఆమె చుట్టూ మూగారు. అంబమ్మ అయితే షెడ్డులో నీళ్ల కుండ ఏ మూల పెట్టాలో కూడా చెప్పేసింది.

ప్రాణేశ్ సారు అంకె చూసి లేచి నిలబడ్డాడు. పరీక్ష మొదలయ్యాక ఆయన లేవడం అదే మొదటిసారి.

"నిన్న మూడు వందలు. ఇవాళ ఇరవై ఎనిమిది వేలు. ఏం చేశావమ్మా?"

ఉలిగెమ్మ కుచ్చిళ్లు జానెడు పైకెత్తి చూపించింది.

"చేతికి కట్టేది కాలికి కట్టుకుంటావా?"

"నడిచేది కాళ్లే గదా సారూ."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. పట్టీకి చెప్పకూడదు! ఏన్రీ రంగనాయకులూ, కాలికి కట్టుకుంటే ఈ లెక్క చెల్లుతుందా?"

అందరూ ఆయన వైపు చూశారు. ఉలిగెమ్మ కూడా చూసింది. ఆయన పేరు మాత్రం తియ్యలేదు.

రంగనాయకులు పెట్టె తీసి చూపించాడు. "పెట్టె మీద చేతి బొమ్మే ఉంది సార్."

ఉలిగెమ్మకు మెమో వచ్చింది. ప్రభుత్వ పరికరాన్ని పాదాల దగ్గర ఉంచి అగౌరవపరచినందుకు సంజాయిషీ అడిగారు. ఆమె వేలిముద్ర వేసింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని ప్రాణేశ్ సారు ఉదారంగా రాశాడు.

పదిహేనో రోజు మంత్రిగారు స్వయంగా వచ్చి ఫలితాలు చదివారు. 

"మన ఆడపడుచులు డ్యూటీలోనే రోజుకు సగటున ఆరు గంటలు నిద్రపోతున్నారు. ఎనిమిది గంటలు నిద్రపుచ్చుతానని నేను మాట ఇచ్చాను. ఆరు గంటలు ఇక్కడే అయిపోయాయి. ఇంటికి పోయి రెండు గంటలు కన్ను మూస్తే చాలు! ఇలాంటి యార్డు దేశంలో ఇంకొకటి ఉందా?"

లేదని ప్రాణేశ్ సారు తల ఊపాడు. చెయ్యి కూడా ఊపాడు.

ఇంత విశ్రాంతి ఉన్నవాళ్లకు షెడ్డు కట్టడం ప్రజాధనం వృథా చేయడమే అవుతుంది కనుక, రోజుకు పదిహేడు వేల అడుగులు నడిచి కాళ్లరిగిపోతున్న ఆఫీసర్లకు షెడ్డు మంజూరైంది. కూలర్లతో సహా. అక్కడికక్కడే పన్నెండు వేల పట్టీల ఆర్డరు కాగితం రంగనాయకులు చేతికి అందింది. చివరగా, యార్డులోకెల్లా ఉత్తమ నిద్రకు బహుమతి. కాలి లెక్క తీసేసి చూస్తే ఉలిగెమ్మే మొదటి స్థానం. డబుల్ కాట్ పరుపు, మాన్వి తాలూకా పత్తితో నింపింది. మంత్రిగారు ఒక కొస పట్టుకున్నారు, ఆమె ఒక కొస పట్టుకుంది. ఫొటో తీశారు.

జీపులు వెళ్లిపోయాయి. షామియానావాడు షామియానా విప్పుకొని వెళ్లాడు. మైదానంలో పరుపు, ఆడవాళ్లు, రంగనాయకులు మిగిలారు. ప్రైవేటు బండ్లను లోపలికి రానివ్వలేదు కనుక ఆయన స్కూటరు ముప్పావు మైలు దూరంలో మెయిన్ గేటు దగ్గర ఉంది. మధ్యలో చెట్టన్నది లేదు, అంతా బూడిదే.

"బస్సుల దీన్ని ఎక్కనియ్యరు," ఉలిగెమ్మ పరుపు చుట్టూ తిరిగి బరువు అంచనా కట్టింది. "సేటూ, జర ఓ చెయ్యెయ్యి."

రంగనాయకులు వంగి ఒక పక్క ఎత్తాడు. అంబమ్మ ఇంకో పక్క ఎత్తింది. పరుపు ఉలిగెమ్మ నెత్తికెక్కి నాలుగు వైపులా వాలింది. ఆమె ఎడమచెయ్యి పైకి పోయింది. కింద మంచమంత నీడ పడింది.

ముందు అంబమ్మ దూరింది. తర్వాత ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక ఇంకొకామె. కొసలు తలా ఒకరు పట్టుకున్నారు. నీళ్ల సీసా చేతులు మారింది. లోపల ఎవరో నవ్వారు. పరుపు గేటు వైపు పది అడుగులు వేసి ఆగింది.

"సేటూ, ఎండల ఏం నిలబడ్డవ్?" ఉలిగెమ్మ గొంతు లోపల్నుంచి వినిపించింది. "షెడ్డులకు రా. కిరాయి ఏం తీసుకోం."

రంగనాయకులు అటూ ఇటూ చూశాడు. ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దోపుకొని, తల వంచి దూరాడు.