పచ్చబోర్డు దారి

కొండదారుల కాపలాదారు ఆ ఉదయం మంచం దిగుతూనే కుంటడం మొదలుపెట్టాడు. మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు, అంతే. ఈ మోకాళ్లతో కొండ తన వల్ల కాదనీ, సముద్రం ఒడ్డున చదునుదారికి మార్చమనీ పెట్టుకున్న అర్జీ ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

కొండ మీదికి రెండు దారులు. కాపలాకి తనూ, ఇంకో జోడీవాడూ. చక్రాల కుర్చీ కూడా పోయేంత చదునుదారి మొదట్లో పచ్చబోర్డు, గుండె గట్టివాళ్లు ఎక్కే రాళ్లదారి మొదట్లో ఎర్రబోర్డు. కాపలాదారు తెల్లారకుండానే రెండింటినీ పీకి, దీన్ని అక్కడా దాన్ని ఇక్కడా పాతి వచ్చాడు. బొజ్జ వేసుకుని పెద్దసారు ఎక్కేది పచ్చబోర్డు దారే. తేలికదారికే తన ప్రాణం పోతుంటే, ఈ కుంటివాడి గతేమిటని ఆయనే జాలిపడతాడు.

ఇంటికొచ్చేసరికి భార్య వాకిలి ఊడుస్తోంది.

"అత్తయ్య లేవలేదా?" అని అడిగాడు.

"ఎప్పుడో నడకకి వెళ్లింది. పచ్చబోర్డు దారిలోనే వెళ్లమన్నాను. అమ్మవి నిజం నొప్పులు కదా, మీలాగా కాదు."

కాపలాదారు గిర్రున కొండవైపు తిరిగాడు. "ఇవాళే పంపాలా? ఎవరు పంపమన్నారే నిన్ను!"

"ఎందుకండీ ఆ అరుపులు? రోజూ చంటిపిల్లలు నడిచే దారేగా!"

కాపలాదారు పరుగు లంకించుకున్నాడు.

"ఏమండీ, సారు వచ్చే వేళ! కుంటండి, కుంటండి!" అని వెనకనుంచి భార్య కేకలు.

రాళ్లదారి చివర, ఇంకాస్త ఎక్కితే శిఖరం అనగా, అత్తగారు ఒక బండను కావలించుకుని కనిపించింది.

"వచ్చావా అల్లుడూ! పైకీ పోలేను, కిందికీ రాలేను. ఇక్కడ పచ్చబోర్డు పెట్టినవాడి చేతులు పడిపోను!"

"తిట్టకండి అత్తయ్యా, తగులుతుంది."

"ఎవరికి?"

"ముందు వీపెక్కండి."

అక్కణ్ణుంచి దిగడం కంటే ఎక్కడమే నయం. పైకి చేరితే అటువైపు చదునుదారిన నడిపించుకుపోవచ్చు. అత్తగారిని మోసుకుంటూ, మేకలా రాళ్లు దూకుతూ శిఖరం మీద కాలు పెట్టాడు. ఎదురుగా పెద్దసారు. ఒంటి మీద చెమటచుక్క లేదు. సముద్రపు గాలికి ఈల వేస్తున్నాడు.

"పచ్చబోర్డు ముసలాళ్లకి కదా, మనకెందుకని ఎర్రదాంట్లో వచ్చానయ్యా. ఇదా కష్టమైన దారి! పూలబాటలా ఉంది!" అంటూ తిరిగి చూసి ఆగిపోయాడు. "అవునూ, మోకాళ్ల నొప్పులన్నది నువ్వేనా?"

కాపలాదారు గబగబా కుంటబోయాడు. వీపు మీద అత్తగారు వాలిపోయింది. "సరిగ్గా నిలబడు అల్లుడూ! ఇందాకటిదాకా గుర్రంలా వచ్చావుగా!"

"భేష్! ఎర్రదారే ఇంత సులువైతే, నీలాంటివాడు ఉండగా ఈ కొండకి ఇద్దరు దండగ," అన్నాడు పెద్దసారు. "నీ జోడీవాణ్ణి సముద్రానికి పంపిస్తాను. ఇకనుంచి రెండు దారులూ నీవే."

బోర్డుల సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే ఉన్న ఉద్యోగమూ పోతుంది. మింగేశాడు.

సాయంత్రం ఎక్కడి బోర్డులు అక్కడ పాతి వస్తుంటే, మోకాలు నిజంగానే కలుక్కుమంది.