గోడకి పట్టిన బలం

ఆ ఉదయం గీత మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కలిపి ఇచ్చే బలం పొడి గ్లాసు అందుకోవాలి, రెండు గుటకలు వేసినట్టు నటించాలి, ఆవిడ అటు తిరగ్గానే పెరట్లో ఉన్న, గోడలకి పట్టించే లప్పం బకెట్‌లో ఒంపేసి మూతి తుడుచుకోవాలి. కొన్ని వారాలుగా ఇదే వరస. ఇంత నిష్ఠగా ఆయన జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

ఆయన ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి. గోడా సీలింగూ కలిసే చోట రెండు రంగుల మధ్య గీతని టేపు అంటించకుండా, ఒట్టి చేత్తో, వెంట్రుకవాసి తేడా రాకుండా లాగుతాడు. అందుకే ఆ పేరు. అలా లాగీ లాగీ కుడి భుజంలో కండ చిరిగింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, రోజూ వేళ్ళని గోడ మీద పాకిస్తూ చెయ్యి పైకి లేపమంది, ప్రొటీన్ పొడి తాగమంది. "వచ్చేసారికి చెయ్యి చెవి దాటి లేవాలి. లేవకపోతే నిచ్చెన సంగతి మర్చిపోండి" అని కూడా అంది.

నిచ్చెన ఎక్కని మేస్త్రి అంటే స్టూలు మీద కూర్చుని బావమరిదికి పనులు పురమాయించే మేస్త్రి. ఆ మాట తల్చుకుంటేనే ఆయనకి ఏడుపొచ్చేది. అందుకే వేళ్ళు పాకించడం ఒక్క పూటా మానలేదు. కానీ చెయ్యి ముక్కు దాకా వచ్చి, కుట్లు ఊడతాయేమోనన్న భయంతో అక్కడే ఆగిపోయేది.

పొడి మాత్రం ఆయన వల్ల కాలేదు. మొదటి రోజు ఒక్క గుక్క తాగి, "ఇది మనుషులు తాగేదా, గోడకి కొట్టేదా?" అన్నాడు. తథాస్తు దేవతలు ఉంటారంటారు. ఆ పూట వాళ్ళు సరిగ్గా ఆ వంటింట్లోనే ఉన్నట్టున్నారు.

ఎందుకంటే బావమరిది అప్పుడు డాక్టరమ్మ ఆసుపత్రి హాలు పనే చేస్తున్నాడు. లోపల దుమ్ము లేపొద్దన్నారని, గోడ నున్నన చేసే ఆ తెల్లటి లప్పాన్ని మేస్త్రి పెరట్లోనే కలిపి, బకెట్ స్కూటర్ మీద పట్టుకెళ్ళేవాడు.

"బావా, నా చేతిలో ఏదో ఉంది. లప్పం వెన్నలా జారుతోందంటే నమ్ము!" అన్నాడొక రోజు.

"చెయ్యి తిరిగిందిరా నీకు" అన్నాడు మేస్త్రి, కళ్ళు కలపకుండా.

తర్వాత హాల్లో కూర్చున్న రోగులకి ఊరికే ఆకలెయ్యడం మొదలైంది. ఎవరో బిస్కెట్లు తెస్తున్నారని రిసెప్షన్ అమ్మాయి 'తినుబండారాలు నిషేధం' అని బోర్డు పెట్టింది. గోడ పులిసిన వాసన కొట్టేసరికి డాక్టరమ్మ పైపు కారుతోందనుకుని ప్లంబర్ని పిలిచింది. ఆయన గోడకి బెజ్జం కొట్టి చూసి, "పైపు పొడిగా ఉందమ్మా. పై అంతస్తు వాళ్ళేదో తీపి పారబోస్తున్నారు" అని తేల్చాడు. పై అంతస్తులో ఉన్నది పళ్ళ డాక్టరు. తీపి పేరెత్తితేనే మండిపడే మనిషి. తన మీద ఇంత నింద ఏమిటని మెట్ల మీద నిలబడి అరగంట అరిచాడు. ఆ అరుపులకి జనం పోగయ్యారు గానీ, అప్పటికే గోడకి పట్టిన చీమలు మాత్రం చెదరలేదు.

చెయ్యి చూపించుకోవాల్సిన రోజు రానే వచ్చింది. గ్లాసు ఒంపేసి, చొక్కా మార్చుకుంటుంటే ఫోను మోగింది. "బావా, కొంప మునిగింది! చీమలు బారులు తీరి డాక్టరమ్మ సర్టిఫికెట్ల దాకా ఎక్కేశాయి. ఇంక నాకు పనివ్వదట!"

భార్యాభర్తలు వెళ్ళేసరికి బావమరిది నిచ్చెన మీద ఉన్నాడు. కింద డాక్టరమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. మేస్త్రి భార్య గోడ దగ్గరికెళ్ళి ముక్కెగబీల్చింది.

"ఏవండీ, ఈ వాసన నాకు బాగా తెలిసిందే" అంది.

మేస్త్రి చూపు సీలింగు వైపు తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే, చీమల్ని రంగుతో కప్పేద్దామని బావమరిది కంగారుగా బ్రష్షు పైకి తిప్పాడు. అది గీత మీదికి పోతోంది.

"ఒరేయ్! గీత! గీత పాడుచేస్తున్నావురా దరిద్రుడా!"

తర్వాత ఏం జరిగిందో మేస్త్రికే తెలీదు. బావమరిదిని కిందికి లాగేశాడు, రెండు మెట్లెక్కాడు, బ్రష్షు లాక్కున్నాడు, ఊపిరి బిగబట్టి గీత సాగదీశాడు.

"కదలకండి! అలాగే ఉండండి!" డాక్టరమ్మ కేక పెట్టింది.

దొరికిపోయాననుకున్నాడు ఆయన. "నేనేనమ్మా! నేనే పోశాను! రోజూ ఆ పొడి గ్లాసు లప్పంలో ఒంపేది నేనే! మావాడు అమాయకుడు, వాడి నోట మట్టి కొట్టకండి!"

బావమరిది నోరు తెరిచాడు. "అయితే ఆ వెన్నతనం నాది కాదా బావా?" అన్నాడు నీరసంగా.

"ఆ గొడవ తర్వాత" అంది డాక్టరమ్మ. "ముందు మీ చెయ్యి చూడండి."

మేస్త్రి తలెత్తి చూశాడు. చెయ్యి చెవిని ఎప్పుడో దాటేసి సీలింగు కింద నిలబడి ఉంది. నొప్పి లేదు. ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "లేచిందే! నా చెయ్యి లేచిందే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. కూర్చున్న రోగులు చప్పట్లు కొట్టారు. కట్లున్నవాళ్ళు బల్ల మీద కొట్టారు.

ఆనందంలో కాస్త గర్వం కూడా వచ్చింది. "చూశారా డాక్టరమ్మా? చుక్క పొడి తాగకుండా బాగుపడ్డాను!"

"తాగకుండానే, తినకుండా కాదు" అంది భార్య. "రాత్రిళ్ళు లొట్టలేస్తూ ఇంకోటి, ఇంకోటి అని తిన్న రొట్టెల్లో ఏముందనుకున్నారు? మొదటి రోజు మీ మొహం చూసి జాలేసి, పొడంతా పిండిలో కలిపేశాను."

"మరి... గ్లాసులో?"

"మీకిష్టమని చిక్కటి పాలు. పంచదార ఎక్కువేసి, వెనిల్లా చుక్కలు కూడా వేశాను. నేను వంటింట్లోకెళ్ళి నవ్వుకునేదాన్ని, పాపం ఎంత ఇష్టంగా తాగుతున్నారో అని. ఆ తర్వాత ఒక్కరోజైనా నోట్లో పోసుకుని ఉంటే తెలిసేది!"

మేస్త్రి గోడ వైపు చూశాడు. చీమలు నిదానంగా, తృప్తిగా నడుస్తున్నాయి. ఇన్నాళ్ళ తన వాటా అంతా అక్కడే ఉంది.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. "నిచ్చెన ఎక్కొచ్చు, మెల్లగా. ముందు ఈ గోడ గీకి మళ్ళీ వెయ్యండి. ఆ తర్వాత పైకెళ్ళి పళ్ళ డాక్టరుగారికి క్షమాపణ చెప్పండి. పొడి మాత్రం ఇంకొన్నాళ్ళు ఆపొద్దు."

మర్నాడు పొద్దున్న మేస్త్రి గ్లాసు కోసం తనే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆశగా ఒక గుక్క తాగాడు. నీళ్ళలో కలిపిన అసలు పొడి. అలవాటుగా పెరటి వైపు చూశాడు.

లప్పం బకెట్ మూత మీద భార్య తీరిగ్గా కూర్చుని ఉంది.