వెన్నులో సూది మీద ఒక వ్యాపారి సిఫారసు

వ్యాపారి అన్నవాడు కడుపు కోయించుకుంటే మెలకువలో ఉండే కోయించుకోవాలి! వెన్నులో వేసే మత్తు సూది మా కోసమే పుట్టిందని నా గట్టి నమ్మకం. నవ్వకండి, అనుభవించి చెబుతున్నాను.

మొదట నా చేతిలో ఉన్నవి రెండే: ఒక జారిన పేగు, ఇరవై బస్తాల జొన్నలు పోసిన పాతర. రెండూ ఒక్కనాడే వచ్చాయి. లెవీవాళ్లు, రజాకార్లు, సంఘంవాళ్లు, అందరి కళ్లూ గింజల మీదే ఉన్న రోజులవి. కట్టంగూర్ అంతా మీటింగుకు పోయిన పూట చూసుకుని, ఎడ్లకొట్టంలో తవ్విన గోతిలోకి బస్తాలన్నీ నేనే మోసి పోశాను. హమాలీ ఏసోబును పిలిస్తే రహస్యం దాగుతుందా? నా బస్తాలు మోసి మోసి అతనికి పదహారేళ్లకు జారిన పేగు, నాకు ఒక్క పూటలో జారింది. ఎంత వేగం!

పోలీసు యాక్షన్ అయిన మూడో నెలలో ఇద్దరం ఒకే దవాఖానలో చేరాం. పొద్దున అతన్ని కోశారు, తర్వాత నన్ను.

సూది దిగగానే నడుము కింది భాగం నాది కాకుండా పోయింది. పైభాగం మాత్రం గల్లాపెట్టె ముందు కూర్చున్నంత తెలివిగా ఉంది. ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టుకున్నాను. ఆరు! పూర్తి మత్తులో ఉన్నవాడికి ఈ భాగ్యమేదీ? కొత్త ప్రభుత్వం వారు జనానికంతా ఈ సూది వేయిస్తే ఎంత బాగుంటుంది! కాళ్లు లేవవు, నోరు మాత్రం జై కొడుతుంది.

నొప్పికి వేసే మార్ఫియా ఇంకా గొప్పది. అది ఎక్కిన పావుగంటకు లోకమంతా నాకు చుట్టమైపోయింది. పక్క మంచం దగ్గర ఏసోబు భార్య సుక్కమ్మ అతనికి విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

"సుక్కమ్మా, మా ఎడ్లకొట్టంల కుడి మూలకు తవ్వుండ్రి. ఇరవై బస్తాల జొన్నలున్నయి" అన్నానట.

"జర మెల్లగ చెప్పు సేటూ, వార్డంత వింటాంది."

"విననీ! దిగేముందు దీపం దించి చూడుండ్రి. ఆరితే దిగొద్దు, పాతర గాలికి పానం పోతది."

ఏసోబు మూలుగుతూనే, "సేటు గింత మంచోడా! పదారేండ్ల సంది ఉత్తగనే తిట్టుకున్న గదనే" అన్నాడట.

పదోరోజు ఇల్లు చేరేసరికి గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. దీపం దించే చూశారట, జాగ్రత్తపరులు! ఊరంతా నా జొన్నలతో గటక కాచుకు తిని నాకు దండాలు పెడుతోంది. నేనెవరి మీద ఫిర్యాదు చేయాలి?

ఒక సంగతి మీకు చెప్పలేదు. నాకు కుట్లు వేస్తుండగా కంపౌండర్ అడిగాడు: "డాక్టర్ సాబ్, మార్ఫియా సూది ఒక్కటే మిగిలింది. ఇద్దరిల ఎవలికి?"

డాక్టరు నా మొహం చూశాడు. నేను పూర్తి మెలకువలో ఉన్నాను. నోరు చక్కగా పనిచేస్తోంది. తెరవలేదు.

అలా నాకు దక్కింది ఒక రాత్రి నిద్ర. ఏసోబు తెల్లవార్లూ అరిచాడట. నాకు వినపడలేదు.