నిద్రచూపులు

రమణబాబు ఫోను పోయిన రోజు ఆదివారం. సెలవు రోజే అయినా, ఓడ వచ్చిందని కబురు రావడంతో అతను చీకటితోనే డాక్‌కు బయలుదేరాడు. బస్సు దిగి జేబు తడుముకుంటే ఫోను లేదు. డ్యూటీ అయ్యాక పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు రాయించి, సాయంత్రం ఐదింటిలోగా వాట్‌గంజ్‌లో తను ఉండే మెస్సుకు చేరుకోవచ్చని లెక్క వేసుకున్నాడు. పిల్ల తరఫువాళ్లు అతన్ని చూడటానికి వస్తామన్నది ఐదింటికే.

ఆ వేళకు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పిల్ల తండ్రి తిరుపతిరావు ఇంకా పళ్లు తోముకుంటున్నాడు. అతని అక్క అమ్మన్నమ్మ మాత్రం చీర మార్చుకుని, పళ్ల సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

"బేగి కానీ. బస్సు ఎల్లిపోద్ది."

"సాయంత్రం కదప్పా మనం ఎల్లాల్సింది?"

"సాయంత్రానికి ఆడు లెగిసుంటాడు. లెగిసున్నోడిలో సూడ్డానికేటుందిరా?"

మెలకువగా ఉన్న మనిషి తల దువ్వుకుంటాడు, అడిగినదానికల్లా అవునంటాడు. నిద్రను మాత్రం ఎవరూ ముస్తాబు చేయలేరు. ఇది అమ్మన్నమ్మ సిద్ధాంతం. రాత్రికి ఎనిమిది గంటలు కదలకుండా పడుకునేవాడికే మేనకోడల్ని ఇస్తానని ఆమె పట్టు. తక్కువ పడుకుంటే మనసులో ఏదో దాస్తున్నట్టు, ఎక్కువ పడుకుంటే ఒళ్లు దాచుకుంటున్నట్టు. ఇంతకు ముందు వచ్చిన సంబంధాల్లో ఒకడు పెనం మీద అట్టులా తిరగబడుతున్నాడని, ఇంకొకడు ఒక కన్ను తెరిచి పడుకుంటున్నాడని వెనక్కి పంపేసింది.

తిరుపతిరావు భయం వేరు. సాల్ట్ లేక్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు పూజిత నిన్ననే తేల్చి చెప్పింది. "నాన్నా, నాకు రమణే కావాలి. అత్త ఇది కూడా కేన్సిల్ చేస్తే మళ్లీ పెళ్లి మాట ఎత్తకండి, అంతే." ఆ పిల్ల చెప్పిందంటే చెప్పినట్టే. అందుకని అతను బస్‌స్టాపులో టీకొట్టు చాటుకు వెళ్లి, "బావూ, వస్తన్నాం, బేగి దుప్పటి కప్పుకో" అని చెప్పడానికి రమణబాబుకు ఫోను చేశాడు. స్విచాఫ్. హుగ్లీ వంతెన మీద మళ్లీ చేశాడు. స్విచాఫే.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆ మెస్సులో ప్రతి మంచానికీ ఇద్దరు యజమానులు. పగటి డ్యూటీ వాడు లేచి వెళ్లగానే రాత్రి డ్యూటీ వాడు వచ్చి పడుకుంటాడు. రమణబాబు మంచం పగలంతా సూరన్నది. పెళ్లివారి ముందు చిన్నతనమని రమణబాబు ఈ మాట దాచి, సొంత మంచం ఉందని చెప్పుకున్నాడు. సూరన్న కూడా నోరు విప్పనని మాటిచ్చాడు.

మెస్సులో వంట చేసే పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని చేపలు తోముతోంది.

"రమణబాబు మంచం ఏదమ్మా?" అంది అమ్మన్నమ్మ.

"కిటికీ కాడిది," అని పెద్దమ్మ తలెత్తకుండానే చెప్పింది.

గదిలో నాలుగు మంచాల మీద నలుగురు తల నుంచి కాళ్ల దాకా దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నారు. అమ్మన్నమ్మ కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. దుప్పటి నెమ్మదిగా లేస్తోంది, నెమ్మదిగా దిగుతోంది. ఆమె దగ్గింది. స్టీలు గ్లాసు నేల మీదికి జారవిడిచింది. పక్క మంచాల వాళ్లు మూలిగారు గాని, ఈ మనిషి కదల్లేదు.

"మనసులో మడత లేదురా ఈడికి," అంది తమ్ముడితో. తిరుపతిరావుకు ఊపిరి వచ్చింది. అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. కాని అమ్మన్నమ్మ గుమ్మం దగ్గరకు వెళ్లి, "ఎన్ని గంటలు పడుకుంటాడేటి?" అని పెద్దమ్మను అడిగింది.

"ఎన్నేటి? పగలు సూసినా ఆ మంచం ఖాళీ ఉండదు, రాత్రి సూసినా ఖాళీ ఉండదు."

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాత్రీ పగలూ పడుకుంటే ఉద్యోగం ఎవులు సేస్తన్నార్రా?" అంది అమ్మన్నమ్మ. "ఇది నిద్ర కాదు, జబ్బు." జ్వరముందేమో చూద్దామని దుప్పటి అంచు ఎత్తింది. లోపల తెల్లటి మీసం కనబడింది.

"ఇరవైతొమ్మిదేళ్లన్నావు కదరా."

"ఫొటోలో నల్లగానే ఉన్నాదప్పా," అన్నాడు తిరుపతిరావు.

ఆ మాటలకు సూరన్న కళ్లు తెరిచాడు. కొత్త మనుషులు, పళ్ల సంచీ, బొట్టు పెట్టిన తమలపాకుల పొట్లం. సంగతి అర్థమైంది. ఇచ్చిన మాట కూడా గుర్తుకొచ్చింది.

"మంచం రమణదేనమ్మా. నాను ఊరికే ఇలగ ఒరిగినాను."

"నాలుగేళ్ల నుంచీ ఊరికే ఒరుగుతన్నాడు, పాపం," అంది పెద్దమ్మ మెట్ల మీంచి.

అంతా బయటపడింది. అమ్మన్నమ్మ సంచీ అందుకుంది. "సగం మంచమోడికి పిల్లనిస్తామేటి? పదరా."

తిరుపతిరావు లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క లెమ్మంటే లేవకపోవడం అదే మొదలు. కూతురి మొహం కళ్ల ముందు ఉంది. "అప్పా, ఆడి నిద్ర ఎలగుంటాదో సూడ్డానికి కదా ఇంత దూరం వచ్చినాం. ఎరిగినోడు ఇక్కడున్నాడు. అడిగి ఎల్దాం."

సూరన్న మొహం తుడుచుకున్నాడు. "ఆడి మొగం నాను సరిగ్గా ఎరగనమ్మా. ఆడెల్తంటే నానొస్తాను. గుమ్మంలో ఏటి బావూ అంటే ఏటి సూరన్నా అంటాడు. అంతే. ఆడి పక్క మటుకు రోజూ ఎరుగుదును. నానొచ్చేసరికి ఎచ్చగుంటాది. దుప్పటి నలగదు. పరుపు మద్దిలో ఒకటే పల్లం. దొర్లినోడికి రెండుంటాయి. ఎల్లేముందు దిండు తిరగేసి ఎల్తాడు, నా తలకి సల్లగుండాలని."

"గంటలెన్ని?" అంది అమ్మన్నమ్మ. గొంతులో వేడి తగ్గింది.

"లెక్కెట్టలేదమ్మా. మీరెంతసేపు పడుకుంటారు?"

ఊళ్లో అందరి నిద్రా ఆరా తీసే మనిషిని ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె కిటికీ వైపు చూసింది. "మా ఆయన పోయిన కాడ్నుంచి లేదు. పక్క సల్లగుంటాది."

ఒకే ఇంట్లో ఉంటూ తిరుపతిరావుకు ఆ సంగతి తెలియదు. అక్క పెందరాళే లేస్తుందనుకునేవాడు.

సూరన్న మంచం దిగి, దుప్పటి సర్ది, దిండు తిరగేశాడు. "ఒక్క నిమిషం ఒరగండమ్మా. నాకెలాగూ తెలివొచ్చీసినాది."

"పరాయోళ్ల మంచంలోనేటి," అంటూనే ఆమె ఒరిగింది. దుప్పటిలోంచి మాట వచ్చింది. "తమ్ముడా, సంబంధం ఖాయం. తాంబూలం ఈయన చేతికే ఇచ్చీ." ఆ వెనకే గురక వచ్చింది.

అది మామూలు గురక కాదు. రేవులో ఓడ కూతకు కూడా లేవని పక్క మంచాల ముగ్గురూ లేచి కూర్చున్నారు. ఆడమనిషి నిద్రపోతున్న గదిలో మీకేం పనని పెద్దమ్మ వాళ్లను మెట్ల మీదికి తోలేసింది. రాత్రి డ్యూటీ బ్యాచంతా మెట్ల మీద వరసగా కూర్చుని, పెళ్లివారి అరటిపళ్లు తింటూ ఒకరి భుజం మీద ఒకరు కునికింది.

ఐదు కావస్తుండగా రమణబాబు చెమటలు కక్కుతూ వచ్చాడు. మెట్ల మీద మనుషులెవరో చూడకుండానే దాటుకుని గదిలోకి దూకాడు. తన మంచం మీద ముసుగు. సూరన్న లేవలేదనుకుని అరికాలు మీద ఒక్కటి వేశాడు.

"లెగు సూరన్నా, కొంప ముంచీకు. నిద్ర తూచే ముసిల్ది వచ్చీ వేళయినాది."

వెనకనుంచి తిరుపతిరావు అతని నోరు మూసి, మెట్ల మీదికి లాక్కుపోయాడు. "బావూ, నువ్వు తట్టింది ఆవిడ్నే."

లోపల గురక ఆగింది. మెట్ల మీద అందరూ ఊపిరి బిగబట్టారు. మంచం కిర్రుమంది. ఆమె పక్కకు తిరిగింది. గురక మళ్లీ అందుకుంది.

తిరుపతిరావు అతని నోట్లో అరటిపండు ముక్క పెట్టాడు. "సంబంధం కుదిరిపోయినాది."

"నన్ను సూడకుండానా?"

"నీ పక్క సూసినాది."

తాంబూలం అయిపోయింది, పళ్లు అయిపోయాయి, ఏ నెలలో పెళ్లో కూడా పెద్దమ్మ నిర్ణయించేసింది. అమ్మన్నమ్మ పెళ్లికొడుకును చూడటం మాత్రం ఇంకా కాలేదు.