మంత్రిగారి సొంత మెయిలు

"ఇకమీదట నా ఉత్తరం నా ఇంట్లోనే పుడుతుంది. నా ఇంట్లోంచే బయల్దేరుతుంది. పరాయి కంపెనీ గడప తొక్కదు!" అని ప్రభుత్వ భవనాల మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకుని ప్రకటించారు. విలేకరులు గబగబా రాసుకున్నారు. రాసుకున్నదేమిటో వాళ్ళకీ అంతు పట్టలేదు గాని, చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది కాబట్టి ఏదో త్యాగమే అయివుంటుందని మర్నాడు మొదటి పేజీలో వేశారు.

పక్కన నిలబడ్డ పీఏ చప్పట్లు కొట్టాడు. అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే చివర ఆపడం అతని ఉద్యోగ ధర్మం.

ఈ మహా సంకల్పానికి కారణం చిన్నదే. మేనల్లుడి పెళ్ళికి ప్రభుత్వ అతిథి గృహం ఖాళీ చేయించమని మంత్రిగారు ఆఫీసు మెయిల్లోంచి రాసిన ఉత్తరం ఒకటి పత్రికకెక్కింది. పౌరుల గోప్యత ఎంత పవిత్రమైనదో ఆయనకు ఆ రోజే తెలిసివచ్చింది. ఇంట్లోనే సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుని, చేతిలోని ఫోన్‌తోనే శాఖను నడిపించాలని నిశ్చయించుకున్నారు.

ఆ పని మంత్రిగారి బావమరిదికి అప్పగించారు. అతనికి కంప్యూటర్ల దుకాణం ఉంది. టెండర్ పిలిచారు, బావమరిది వచ్చాడు. సర్వర్ అనబడే నల్ల పెట్టెను హాలు పక్కనున్న స్టోర్ రూములో, పాత సూట్‌కేసులకూ తెగిన నవారు మంచానికీ మధ్య ప్రతిష్ఠించారు. పెట్టెకు వేడి తగలకూడదని గదికి ఏసీ బిగించారు.

"నా గదిలో ఏసీ పాడైందని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను," అంది మంత్రిగారి భార్య. "ఈ డబ్బాకి మాత్రం ఒక్క పూటలో పెట్టించారు."

"అది డబ్బా కాదక్కా, స్వావలంబన," అన్నాడు తమ్ముడు.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు సోఫాలో కూర్చుని ఫోన్ నొక్కారు. 'పంపబడింది' అని తెర మీద పడింది. స్టోర్ రూములో పచ్చ దీపం మినుకుమంది.

"చూశారా బావగారూ, రెప్పపాటులో వెళ్ళిపోయింది!"

"ఎక్కడికండీ?" అన్నాడు పీఏ, మాటవరసకి.

బావమరిది అతన్ని ఎగాదిగా చూశాడు. "వెళ్ళిపోయిందన్నాను కదయ్యా!"

ఆ రోజు నుంచి మంత్రిగారిని పట్టుకోవడం ఎవరితరమూ కాలేదు. కారులో పోతూ ఒక ఆస్పత్రికి రంగు వేయమన్నారు. క్షవరం చేయించుకుంటూ ఆ రంగు మార్చమన్నారు. స్నానాల గదిలోంచి ఒక ఇంజనీరును సస్పెండ్ చేసి, ఒళ్ళు తుడుచుకునేలోగా మనసు కరిగి మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. నొక్కిన ప్రతిసారీ 'పంపబడింది', 'పంపబడింది'. ఇంత వేగంగా పరిపాలించే నాయకుణ్ణి తాను చూడలేదని పీఏ నలుగురిలో అనేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా దాదాపు అలాగే అనుకునేవాడు.

అందుకే ఒకనాడు ఆయన హుషారుగా ఉండటం చూసి తన అక్క గోడు విన్నవించుకున్నాడు. అక్క ఒక ప్రభుత్వ బడిలో హెడ్ మిస్ట్రెస్. మూడో తరగతి గది కప్పు కురుస్తోంది. వానొస్తే పిల్లలందరూ ఒక్క గోడకే అతుక్కుపోయి పాఠం వింటారు. మొన్న అక్క బోర్డు మీద రాయడానికి లేచిందో లేదో, పైనుంచి పెచ్చు ఊడి ఆమె కూర్చున్న కుర్చీలోనే పడింది.

"మీ అక్కయితే ఒకటీ, నా అక్కయితే ఒకటీనా?" అని మంత్రిగారు అక్కడికక్కడే ఫోన్ తీసి, వెంటనే కప్పు వేయించమని అక్కడి ఇంజనీరుకి ఉత్తర్వు కొట్టారు. పంపబడింది. పీఏ కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చి అక్కకి ఫోన్ చేసి, "అయిపోయిందే, ఇక నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు.

అక్క నిశ్చింతగా ఉంది. వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వెనక బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఏరా, నిశ్చింత అన్నావు. ఇంకా ఎవరూ రాలేదేమిట్రా?"

"వస్తారే. ఉత్తర్వు వెళ్ళింది. నా కళ్ళతో చూశాను."

"వెళ్ళేది నీ కళ్ళకి కనపడితే, వచ్చేది నా కళ్ళకి కనపడాలిగా! ఇవాళ పెచ్చు తగిలి ఒక పిల్లాడి చెవి చిట్లింది. వాళ్ళమ్మకి ఏం చెప్పమంటావు? మెయిల్ వెళ్ళిందని చెప్పనా?"

పీఏ తిన్నగా స్టోర్ రూముకి పోయి బావమరిదిని పిలిపించాడు. బావమరిది తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"నీకు తెలిస్తే నాకేం భయం లేదనుకో. ఇంటి కనెక్షన్ నుంచి వచ్చే మెయిల్ని బయటి సర్వర్లు నమ్మవయ్యా. దొంగ మెయిలనుకుని వాకిట్లోనే ఆపేస్తాయి."

"మరి 'పంపబడింది' అంటోందే?"

"అబద్ధమేముంది? ఫోన్లోంచి ఈ పెట్టెలోకి పంపబడింది. పెట్టెలోంచి బయటికి పోలేదు, అంతే."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. అప్పుడప్పుడూ 'చేరలేదు' అని జవాబులు వస్తాయి. బావగారికి బీపీ కదా, అవి ఆయనకి కనపడకుండా పక్కన పారేయిస్తున్నాను."

పీఏ నవారు మంచం మీద కూలబడ్డాడు. ఆస్పత్రి రంగూ, ఇంజనీరు సస్పెన్షనూ, అక్క కప్పూ, అన్నీ ఏసీ గదిలో చల్లగా పడుకుని ఉన్నాయి. శాఖకు ఇన్నాళ్ళుగా మంత్రి లేడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మర్నాడు సమీక్షా సమావేశం. పీఏ నోట్సు పట్టుకుని మూల కూర్చున్నాడు.

"నా మెయిళ్ళు అందుతున్నాయా?" అన్నారు మంత్రిగారు.

"అందడమేమిటి సార్, ప్రింటు తీసి ఫ్రేము కట్టించుకున్నాం!" అన్నాడు ఒక అధికారి.

"ఆస్పత్రి రంగు?"

"వేశాం సార్. తమరి రెండో మెయిల్ ప్రకారం మార్చాం కూడా."

మంత్రిగారు రంగు మార్చమన్న సంగతి, ఆఫీసు వరండాలో నిలబడి అధికారులందరికీ వినపడేలా ఫోన్లో గొప్పలు చెప్పుకున్నప్పుడే వాళ్ళకి తెలుసు. మిగతాది వాళ్ళ అనుభవం.

"బడి కప్పు?"

"కొత్త కప్పు సార్. అద్దంలా ఉంది," అన్నాడు ఇంజనీరు. "వానలో నిలబడి మరీ పరీక్షించాం."

నూటికి నూరు శాతం అమలు అని రాసుకున్నారు. ఆ సాయంత్రం పీఏ గుండె చిక్కబట్టుకుని మంత్రిగారి ముందు నిజం కక్కేశాడు. మంత్రిగారు సమీక్ష కాగితం మళ్ళీ తీసి చూశారు.

"అంటే, నా మెయిల్ వెళ్ళకుండానే నూరు శాతం అమలయింది."

"అది కాదు సార్..."

"వెళ్ళుంటే ఎంత అయ్యేదో ఆలోచించు!"

"సార్, పెద్ద కంపెనీ సర్వర్ ద్వారా పంపితే చేరతాయట. చిన్న మార్పే."

"పరాయి గడపా?" మంత్రిగారి గొంతు మళ్ళీ వణికింది. "ప్రజలకి మాట ఇచ్చానయ్యా. చేరకపోయినా ఫరవాలేదు. సొంతంగా పంపుదాం."

ఇక దిక్కు లేక పీఏ తనే బస్సెక్కి ఇంజనీరు ఆఫీసుకి పోయాడు. సిగ్గు విడిచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "వేరే ఏదీ అడగను. ఆ ఒక్క గదికి కప్పు వేయించండి. పిల్లలండీ."

ఇంజనీరు నిజంగానే నొచ్చుకున్నాడు. టీ తెప్పించాడు. "నాకు మాత్రం పిల్లల్లేరా? కాని అది వేసేశామని రాశాం. వేసిన కప్పు మళ్ళీ వేస్తే, మొదటిది ఏమైందని అడుగుతారు. ఏం చెప్పను?"

"మొదటిది లేదని చెప్పండి."

"లేనిదానికి ప్రారంభోత్సవం ఎలా పెట్టిస్తాం? మంత్రిగారు తేదీ కూడా ఇచ్చారు," అన్నాడు.

ఆ తేదీన కుండపోతగా వాన. మూడో తరగతి గది గుమ్మానికి రిబ్బను కట్టారు. పిల్లలు గోడకు అతుక్కుని నిలబడ్డారు. చెవికి కట్టుతో ఉన్నవాడు వరసలో మొదట ఉన్నాడు. అక్క గొడుగు వేసుకునే స్వాగతం చెప్పింది. తమ్ముడి వంక చూడలేదు. రిబ్బను తెగింది. మంత్రిగారు లోపల అడుగుపెట్టి తల ఎత్తగానే ధార సరిగ్గా నుదుటి మీద పడింది.

పీఏ చప్పట్లు కొట్టడం మర్చిపోయాడు. మంత్రిగారు కళ్ళు తుడుచుకుని, పైకి చూసి, కిందికి చూసి, పిల్లల్ని చూసి, చేతిలోని గొడుగు విప్పి భుజాన ఆనించుకుని, పీఏ ఎన్నడూ చూడనంత గంభీరంగా ఫోన్ తీశారు. తడి వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే నొక్కారు.

"ఈ కప్పు తక్షణం వేయించమని ఇప్పుడే, మీ అందరి ముందే, ఇంజనీరుగారికి రాశాను!"

ఇంజనీరు ఆయన పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. జేబులోని ఫోన్ తీయలేదు. కాస్త వంగి చేతులు కట్టుకున్నాడు.

"అందింది సార్. వేసేశాం."

మంత్రిగారు తన గొడుగు మడిచేశారు.