గాలిపటం గుర్తువాళ్ళు

పిల్లల ఛానెల్ చిట్టిబొమ్మ టీవీ మూడోసారి తన గుర్తు మార్చుకున్న రోజున, దాని పాత గుర్తులు మూడూ వచ్చి జనం కుడి భుజాల మీద జానెడు ఎత్తున గాలిలో నిలబడ్డాయి. చిన్నప్పుడు ఎవరు ఏ గుర్తు ఉన్న రోజుల్లో ఆ ఛానెల్ చూశారో వాళ్ళకి ఆ గుర్తు. గుండ్రటి బిస్కెట్టంత ఉండేది. దాని వెనకున్న గోడా చెట్టూ మసకగా కనిపించేవి. నొప్పి లేదు, బరువు లేదు. ఛానెల్ వారు ఈ విషయంతో తమకు సంబంధం లేదని పేపర్లో చిన్న ప్రకటన వేసి ఊరుకున్నారు.

ఊరు నెల రోజుల్లో సర్దుకుంది. మంగలి షాపుల్లో ఎడమ వైపు నుంచి కత్తెర వేయడం మొదలుపెట్టారు. ఫోటో స్టూడియోల వాళ్ళు పాస్‌పోర్టు ఫోటోకి కుడి అంచున కాస్త చోటు పెంచారు. మునిసిపాలిటీ వారు పాత బస్టాండు వెనక గుర్తుల నమోదు కార్యాలయం తెరిచి, పదేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ కార్డు ఇచ్చారు. ఆధార్ కార్డు వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో ఇప్పుడూ అంతే జరిగింది, అంతకంటే ఎక్కువ కాదు.

గుర్తులు మూడు. మొదటిది పసుపు గాలిపటం. ఆ రోజుల్లో కార్యక్రమాలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి, ఎవరికీ అర్థమయ్యేవి కావు. ప్రకటనలు దొరక్క, ఒక బొమ్మల కథకీ ఇంకో కథకీ మధ్య ఆరేసి నిమిషాలు ఉత్త గాలిపటం ఊగుతూ ఉండేది, వెనక ఒక ఈల పాట. రెండోది ఆకుపచ్చ బంతి. దాని కాలంలో తెలుగు వచ్చింది, కానీ రాణికీ గాడిదకీ ఒకే మనిషి గొంతు. మూడోది బూడిద రంగు పెట్టె, అందులో ఇంగ్లీషు అక్షరాలు రెండు. అప్పటికి కొత్త కథలు కొనడం మానేసి, ఉన్న పదకొండింటినే తిప్పి తిప్పి వేసేవారు.

తటవర్తి ఫణీంద్ర భుజం మీద పెట్టె ఉంది.

ఇది అన్యాయమని ఫణీంద్ర అభిప్రాయం. ఆయన వయసుకి గాలిపటం రావలసింది. తోడల్లుడు అమరేశ్వర్ ఆయనకంటే ఏడాదే పెద్ద, అతనికి గాలిపటం వచ్చింది. తేడా అంతా కేబుల్ కనెక్షన్లో ఉంది. ఫణీంద్ర తండ్రి, చదువు పాడవుతుందని, కొడుకు పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఇంట్లోకి కేబుల్ తీగ రానివ్వలేదు. ఫణీంద్ర ఇంటర్ ఎలాగూ తప్పాడు.

మిగతా ఏ లెక్కలో చూసినా ఫణీంద్రదే పైచేయి. ఆయనది ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్, మూడు షట్టర్ల కొట్టు. చుట్టుపక్కల నలభై ఊళ్ళకి బకెట్లూ బిందెలూ కుర్చీలూ ఆయన దగ్గర్నుంచే వెళ్తాయి. అమరేశ్వర్‌ది ఒక్క షట్టర్ మందుల షాపు. అయినా అత్తవారింట్లో ఇప్పుడు మొదటి విస్తరి అమరేశ్వర్‌కే. అత్తగారు ఏ ఛానెలూ చూసిన మనిషి కాదు, ఆవిడ భుజం ఖాళీ. అయినా గాలిపటం వాళ్ళది మంచి బాల్యమని వీధిలో అందరూ అంటుంటే ఆవిడా అంటుంది. పెట్టె అల్లుడికి పప్పు వడ్డిస్తూ, "పోనీలే నాయనా, నీకూ ఏదో ఒకటి ఉందిగా," అని ఓదార్చింది. ఫణీంద్ర ఆ పూట పెరుగన్నం కలపకుండానే లేచాడు.

కష్టపడి తెచ్చుకున్నదైతే ఆయన ఒప్పుకునేవాడు. పక్కవాడు ఒక షట్టర్ పెంచితే తను రెండు పెంచడం తెలిసిన మనిషి. కానీ అమరేశ్వర్ చేసిందల్లా పదకొండేళ్ళ వయసులో నోరు తెరుచుకుని చాప మీద కూర్చోవడం. దానికి ఇంత మర్యాదా అన్నది ఆయనకి కొరుకుడు పడలేదు.

అదైనా భరించేవాడు. తొమ్మిదేళ్ళ కూతురు ఇందుజ దగ్గరే ఆయన ఓడిపోయాడు. ఆదివారం భోజనాల తర్వాత అమరేశ్వర్ వెల్లకిలా పడుకుని, పీత పోస్టుమాన్ కథ చెప్పేవాడు. సముద్రం అడుగున ఉత్తరాలు పంచే పీత అడ్డంగానే నడుస్తుంది కాబట్టి ప్రతి ఉత్తరమూ పక్కింటికి చేరుతుంది. ఆ పీత ఏమనేదో అమరేశ్వర్‌కీ తెలియదు, ఇంగ్లీషు కదా. అయినా చెప్పేటప్పుడు కళ్ళు ఎక్కడో పెట్టి, "ఆ రోజులే వేరమ్మా," అనేవాడు. పిల్లలందరూ చుట్టూ చేరేవారు. ఇందుజ అందరికంటే ముందు.

ఒకసారి అక్కడి నుంచే అడిగింది. "నాన్నా, మీ పెట్టెలో ఏమొచ్చేవి?"

"చాలా వచ్చేవి."

"ఏంటవి?"

ఫణీంద్ర అబద్ధం చెప్పబోయి, దొరక్క, నిజం చెప్పాడు. "ముందు రోజు వచ్చినవే."

"మళ్ళీ అవేనా?"

"అవే."

అమరేశ్వర్ నవ్వలేదు. జాలిగా చూశాడు. "ఊరుకో తల్లీ, మీ నాన్న తప్పేముంది, వాళ్ళ టైమ్ అలాంటిది," అన్నాడు. నవ్వినా బాగుండేది.

మరుసటి వారం బడిలో 'మా నాన్న చిన్నతనం' అని ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. ఇందుజ రాసింది. గాలిపటం, ఈల పాట, పీత అన్నీ ఉన్నాయి. టీచరమ్మ ఎర్ర సిరాతో నక్షత్రం వేసి, తండ్రి సంతకం తెమ్మంది. ఫణీంద్ర పేజీ అంతా చదివాడు. తలెత్తి కూతుర్ని చూస్తే అది గోడవైపు చూస్తోంది. తప్పు చేసిందని కాదు, నాన్న పరువు కాపాడానని దాని మొహంలో ఉంది. ఆయన సంతకం పెట్టి, మర్నాడు పొద్దున్నే కార్యాలయానికి వెళ్ళాడు.

తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నది ఆయనొక్కడే. మార్పుల సెక్షన్లో జోజిబాబు అనే గుమాస్తా ఉన్నాడు, ఆకుపచ్చ బంతి మనిషి, నిదానస్తుడు. పెట్టె నుంచి గాలిపటానికి మారే వీలుందనీ, ఫారం పదకొండు నింపాలనీ చెప్పాడు. గాలిపటం గాలిలో నిలవాలంటే దాన్ని ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. పాతవాళ్ళు అప్పట్లో చూసేశారు, కొత్తగా చేరేవాళ్ళు ఇప్పుడు చూడాలి. రోజుకి మూడు గంటలు, పదేళ్ళు. ఆ మూడు గంటలూ మనిషి ఇంట్లోనే కూర్చుని ఉంటాడు, కానీ గాలిపటం కాలంలో ఉంటాడు.

"పదేళ్ళు ఎక్కువండీ," అన్నాడు ఫణీంద్ర.

"రేటు అదేనండి."

"పొద్దున్నే మొదటి మనిషిని. బోణీ బేరం. చూసి చెప్పండి."

ప్రభుత్వానికి బోణీ ఉండదని జోజిబాబు అన్నాడు. ఉండాలని ఫణీంద్ర అన్నాడు. తన కొట్లో బోణీకి వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపితే ఆ రోజంతా ఏమవుతుందో వివరించాడు. జోజిబాబు రూల్సు పుస్తకం తిరగేసి, మూడు గంటలూ విడగొట్టకుండా ఒకేసారి ఇస్తే ఆరు నెలలు తగ్గించే వీలుందని కనిపెట్టాడు. తొమ్మిదిన్నరేళ్ళు. బేరం కుదిరిందని తెలిసిన సంతోషంలో ఫణీంద్రకి ఒళ్ళు తేలికైంది.

ఏ మూడు గంటలు అన్నది ఆయనే రాయాలి. ఆయన కొట్టు లెక్కన ఆలోచించాడు. ఏడు నుంచి పది దాకా పల్లెటూరి బస్సులు దిగుతాయి, అది తియ్యడానికి లేదు. పది నుంచి రెండు దాకా కౌంటర్ దగ్గర నిలబడడానికి చోటుండదు. మధ్యాహ్నం లారీ దిగుమతి. తొమ్మిది తర్వాత మర్నాటి సరుకు చూసుకోవాలి. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రం హోల్‌సేల్ కొట్లో ఈగలు తోలుకోవడమే. ఆ వేళ ఆయన కొట్టు గుమాస్తాకి అప్పగించి ఇంటికి వెళ్ళి, టీ తాగి, ఇందుజ ఎక్కాలు చెబుతుంటే వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ గుమ్మంలో కూర్చునేవాడు. ఫారంలో ఏడో గడి 'ఈ గంటలలో ప్రస్తుతం ఏమి జరుగుచున్నది' అని అడిగింది. ఆయన 'ఏమీ లేదు' అని రాశాడు.

జోజిబాబు ఆ గడి మీద పెన్ను ఆన్చి ఆగాడు. "ఇంట్లో అడిగారాండి?"

"వ్యాపారం వేళలు కావులెండి అవి," అన్నాడు ఫణీంద్ర.

ముద్ర పడింది. పెట్టె చెదిరిపోయి, దాని చోట పసుపు గాలిపటం వచ్చింది.

ఆ ఆదివారం ఫణీంద్ర జీవితంలో చెప్పుకోదగ్గ రోజు. భోజనాల వేళ అత్తగారు రెండు మొదటి విస్తళ్ళు వేయించింది. ఇందుజ తండ్రి కుడి వైపు కూర్చుని, గాలిపటం మొహానికి తగిలేటట్టు ఆనుకుని, అక్కడి నుంచి లేవలేదు. అమరేశ్వర్ మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి, కొత్త గాలిపటం చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.

"తోక కాస్త పొట్టిగా ఉన్నట్టుంది తమ్ముడూ."

"మీదే కాస్త సాగినట్టుంది అన్నయ్యగారూ. పాతది కదా."

అమరేశ్వర్ ఆ రోజు పీత కథ చెప్పలేదు, తలనొప్పని మూడింటికే వెళ్ళిపోయాడు. ఫణీంద్రకి అన్నం అంత రుచిగా ఎప్పుడూ లేదు.

ఆ సాయంత్రం అయిదున్నరకి ఫణీంద్ర హాల్లో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. గోడ మీద ఇంట్లోవాళ్ళకి ఏమీ కనిపించలేదు. ఆయనకి అన్నీ కనిపించాయి. పీత, ఉత్తరాలు, గాలిపటం, ఈల పాట. మొదటి వారం అద్భుతంగా ఉంది. రెండో వారం మళ్ళీ అవే వచ్చాయి. మూడో వారానికి ఆయనకి విషయం తెలిసింది, గాలిపటం కాలంలో ఉన్న కథలు తొమ్మిదే. పెట్టెలో పదకొండు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సరుకు మన కొట్లోకి వచ్చాక దానికి వంక పెట్టేవాడు వ్యాపారి కాడు.

ఇందుజ మొదట్లో స్నేహితురాళ్ళని తీసుకొచ్చి చూపించేది. "మా నాన్న గాలిపటంలో ఉన్నాడు," అని మెల్లగా చెప్పేది. తర్వాత ఒక్కతే పక్కన కూర్చునేది. పొద్దున్న అది లేచేసరికి ఆయన కొట్లో ఉండేవాడు, సరుకు సర్దుకుని ఆయన వచ్చేసరికి అది నిద్రపోయేది. అందుకని చెప్పాలనుకున్నవన్నీ ఆ మూడు గంటల్లోనే చెప్పేది. పదమూడో ఎక్కం వచ్చిందనీ, కింది పన్ను ఊడిందనీ. ఆయన గోడవైపే చూస్తూ ఉండేవాడు.

ఒకరోజు బడిలో పాటల పోటీలో గెలిచిన కప్పు తెచ్చి, పిలిచి పిలిచి, చివరికి కుర్చీకీ గోడకీ మధ్య వచ్చి నిలబడి కప్పు చూపించింది. ఫణీంద్ర మెడ పక్కకి వంచి, పదకొండేళ్ళ పిల్లాడి విసుగుతో అన్నాడు.

"ఏయ్, అడ్డు లే. ఎవరింటి పిల్లవి నువ్వు?"

ఇందుజ పక్కకి తప్పుకుంది. కప్పు అలమారలో పెట్టి, తిరిగి వచ్చి ఆయన వెనక కూర్చుంది. ఆ రోజు నుంచి వెనకే కూర్చునేది. ఇందుజ తల్లి వాసవి వంటింట్లోంచి చూసింది. ఎనిమిదిన్నరకి భర్త లేచాక అడిగితే, పిల్ల ఎదురుగా వచ్చిన సంగతే ఆయనకి గుర్తు లేదు. "వేళ కాని వేళ కదిలించకండి, తోక కురచవుతుందిట," అని మాత్రం అన్నాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఇందుజకి పదేళ్ళు నిండాయి. పుట్టినరోజు పొద్దున దాని కుడి భుజం మీదా గుర్తు వచ్చింది. ఈ కాలం పిల్లలకి పదేళ్ళు నిండగానే వచ్చే ఎర్ర చుక్క, అంటే ఛానెల్ కొత్త గుర్తు, కాదది. ఒక మనిషి తల, వెనక నుంచి. నడినెత్తిన జుట్టు కాస్త పలచబడి ఉంది, కింద ప్లాస్టిక్ కుర్చీ వీపు కనిపిస్తోంది.

ఫణీంద్ర కొట్టు ఒక గంట ఆలస్యంగా తీసి, కూతుర్ని కార్యాలయానికి తీసుకెళ్ళాడు. జోజిబాబు జాబితా పైనుంచి కిందికి చూసి, ఇలాంటి గుర్తు ఏ ఛానెల్‌కీ లేదని తేల్చాడు. లేనప్పుడు కొత్తగా రాసుకోవాలి. ప్రశ్నలు అడిగాడు.

"ఎప్పుడు వచ్చేదమ్మా ఇది?"

"రోజూ అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అండి."

"మధ్యలో ప్రకటనలు?"

"లేవండి."

"ఏం జరిగేది?"

ఇందుజ ఆలోచించింది. "ఏమీ లేదండి."

జోజిబాబు అదే రాసుకుని, ముద్ర వేశాడు. భయపడక్కర్లేదనీ, ఈ నెలలో ఇది అయిదోదనీ ఫణీంద్రకి చెప్పాడు. మిగతా నలుగురి గుర్తుల్లోనూ తలలే, కాకపోతే అవి కాస్త ముందుకి, చేతిలో ఫోన్ల మీదికి వంగి ఉన్నాయి. అరుదైన సరుకు కాబట్టి ముందు ముందు మంచి గౌరవం ఉంటుందన్నాడు.

గౌరవం ఆ ఆదివారమే వచ్చింది. అమరేశ్వర్ పిల్లలకి ఎర్ర చుక్కలు, వాళ్ళు మొహాలు ముడుచుకుని ఇందుజ ముందు కూర్చుని, ఎలా ఉండేదో చెప్పమన్నారు. ఇందుజ గోడకి ఆనుకుని, కళ్ళు ఎక్కడో పెట్టి చెప్పింది. మెడ దగ్గర చిన్న పుట్టుమచ్చ ఉండేదట. ఒక్కొక్కప్పుడు తల కాస్త పక్కకి తిరిగేదట, ఇప్పుడు మాట్లాడుతుందేమో అనిపించేదట. "ఆ రోజులే వేరు," అంది.

ఫణీంద్ర విస్తరి ముందు నుంచి వింటున్నాడు. అది అంత ప్రేమగా చెబుతున్న ఆ మనిషి ఎవడో అనిపించి ఆయనకి కడుపులో మండింది. అమరేశ్వర్ మీద కూడా ఎప్పుడూ అంత మండలేదు. ఇంకా ఎనిమిదేళ్ళ పది నెలలు ఉన్నాయి. అప్పటికి పిల్లకి పందొమ్మిది నిండవస్తాయి. లెక్క మళ్ళీ వేసినా అంతే వచ్చింది.

ఇంటికి వచ్చాక కూతుర్ని దగ్గరికి పిలిచాడు. "నిజంగా అంత బాగుండేదా?"

"చాలా బాగుండేది నాన్నా," అంది ఇందుజ. "నువ్వు కూడా చూసుంటే బాగుండేది."

గడియారం అయిదూ ఇరవై తొమ్మిది చూపిస్తోంది. ఇందుజే కుర్చీ తెచ్చి గోడవైపు తిప్పి వేసింది. ఆయన కూర్చున్నాడు.